ఎక్కడ ఎత్తుకోవాలి? ఎక్కడ ఆపాలి?

కథకైనా వ్యాసానికైనా ఎత్తుగడ, ముగింపు రెండూ ప్రాణం. ఆ రెండింటినీ ఎలా పట్టుకోవాలో కలకత్తా రచయితలు నూట యాభై ఏళ్లకు పైగా చేసి చూపిస్తున్నారు. కలం పట్టిన తెలుగువాళ్లు వాళ్ల దగ్గర చూసి నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

1928. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో కొందరు కుర్రాళ్లు పత్రికల మీద మండిపడుతున్నారు. పేరున్నవాళ్ల రచనలే తప్ప కొత్తవాళ్ల కథలను సంపాదకులు ముట్టుకోరని వాళ్ల ఫిర్యాదు. గణితం చదువుతున్న ప్రబోధ్ కుమార్ బందోపాధ్యాయ ఒప్పుకోలేదు. కథ బాగుంటే ఎవరిదైనా వేస్తారన్నాడు. మాటా మాటా పెరిగి పందెం దాకా వెళ్లింది. ఆ కుర్రాడు ‘అతసీ మామి’ అని ఒక కథ రాసి, కింద అసలు పేరు బదులు ఇంట్లో పిలిచే ముద్దుపేరు పెట్టి ‘బిచిత్ర’ పత్రికకు ఇచ్చాడు. కథ అచ్చయింది. ఆ ముద్దుపేరు మాణిక్. బెంగాలీ నవలకు పెద్ద దిక్కైన మాణిక్ బందోపాధ్యాయ రచనా జీవితం అలా పందెంతో మొదలైంది.

సంపాదకుడి బల్ల మీద పడే కట్టలో ముక్కూ మొహం తెలియని రచయిత తరఫున మాట్లాడేది మొదటి పేరా ఒక్కటే. పాఠకుడి దగ్గరా అంతే. కాలేజ్ స్ట్రీట్‌లో ప్రెసిడెన్సీ ప్రహరీ వెంట వరసగా ఉన్న పాత పుస్తకాల కొట్ల ముందు నిలబడే జనాన్ని చూడండి. అట్ట చూస్తారు, వెల చూస్తారు, తర్వాత మొదటి పేజీ తీస్తారు. అక్కడ నిలబడే పేజీ తిప్పారంటే ఆ పుస్తకం ఇంటికి వెళ్లినట్టే. తిప్పలేదంటే రచయిత తర్వాతి మూడు వందల పేజీల్లో ఎంత గొప్పగా రాసినా ఆ పాఠకుడికి చేరదు.

ఆ సంగతి మాణిక్‌కు బాగా తెలుసు. 1936లో వచ్చిన ఆయన నవల ‘పుతుల్ నాచెర్ ఇతికథ’ ఎలా మొదలవుతుందో చూద్దాం. కాలువ గట్టున ఒక పెద్ద మర్రిచెట్టు. దాని మొదలుకు ఆనుకుని హారు ఘోష్ అనే మనిషి నిలబడి ఉంటాడు. రెండో వాక్యం ముగిసేసరికి అతని ఆయుష్షు చెల్లిపోతుంది. మీద పిడుగు పడింది. ఆ సంగతిని మాణిక్ ముక్కుసూటిగా చెప్పడు, పైనున్న దేవుడి చూపు మీద పెట్టి చెబుతాడు. ఆ తర్వాత శశి అనే కుర్ర డాక్టరు పడవలో ఊరికి వస్తూ చెట్టుకు ఆనుకుని ఉన్న శవాన్ని చూస్తాడు. నవల పేరుకు అర్థం బొమ్మలాట కథ. మనుషులు తమంతట తాము ఆడుతున్నారా, ఎవరైనా ఆడిస్తున్నారా అన్నదే నవలంతా నలిగే ప్రశ్న. ఆ ప్రశ్న మొదటి రెండు వాక్యాల్లోనే పాఠకుడి ముందు పడింది. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే పోయాడు, ఆడించినవాడు కనపడలేదు.

చాలామంది దీన్ని చదివి, చావుతో మొదలుపెడితే పాఠకుడు అదిరిపడతాడు అనుకుంటారు. అది పొరపాటు. రోజూ పత్రికలో ఎన్నో చావులు చదువుతాం, పక్క వార్తకు వెళ్లిపోతాం. మాణిక్ ఎత్తుగడకు బలం ఇచ్చింది శవం కాదు. ఆ రెండు వాక్యాలను తీసుకెళ్లి ఇంకో నవల మొదట్లో పెడితే అతకవు, దాని బలం అక్కడుంది.

నా దృష్టిలో ఎత్తుగడకైనా ముగింపుకైనా పరీక్ష ఇదొక్కటే. మీ మొదటి పేరా మరొకరి కథకు అతుకుతుందా? అతికితే అది మీ కథది కాదు. మీ చివరి పేరా పక్కవాళ్ల వ్యాసం చివర పెట్టినా చెల్లుతుందా? చెల్లితే దాన్ని తీసేయవచ్చు. ఆకర్షణీయంగా ఉందా, కవితాత్మకంగా ఉందా, ఆశ్చర్యపరుస్తుందా అన్న ప్రశ్నలన్నీ దీని తర్వాతే.

అవతారికలు, ఫలశ్రుతులు

మన ప్రబంధ కవులు కథలోకి నేరుగా దిగేవాళ్లు కాదు. ముందు ఇష్టదేవతా స్తుతి, తర్వాత పూర్వకవి స్తుతి, కుకవి నింద, కృతిపతి వంశవర్ణన, షష్ఠ్యంతాలు. అవతారిక అంతా అయ్యాకే కథ. పురాణమైతే చివర్లో ఫలశ్రుతి, అంటే విన్నవాళ్లకు ఏ పుణ్యం దక్కుతుందో చెప్పడం. ఆ కాలంలో వాటికి పని ఉంది. కృతిపతి ఆదరించాడు, ఆయన్ను స్మరించాలి. శ్రోత పుణ్యం కోసం కూర్చున్నాడు, లెక్క చెప్పి పంపాలి.

ఇప్పుడు కృతిపతులు లేరు, పుణ్యం కోసం వారపత్రిక కొనేవాళ్లూ లేరు. అయినా అలవాటు పోలేదు. ‘తూరుపు తెల్లవారింది, పక్షులు కిలకిలమన్నాయి, సుబ్బారావు నిద్రలేచాడు’ అని మొదలయ్యే కథలో ఆ తూరుపు, ఆ పక్షులు అవతారికే. ‘మానవ జీవితంలో స్నేహానికి విశిష్ట స్థానం ఉంది’ అని మొదలయ్యే వ్యాసంలో ఆ వాక్యమూ అవతారికే. చివర ‘కాబట్టి మనమందరం...’ అని వచ్చిందా, అది ఫలశ్రుతి. సుబ్బారావు స్థానంలో వెంకట్రావు లేచినా ఆ పక్షులు అలాగే కూస్తాయి.

బెంగాలీ వచనంలో అవతారిక లేకుండా నేరుగా కథలోకి దిగినవాడు బంకించంద్ర ఛటర్జీ. బ్రిటిష్ ప్రభుత్వంలో డిప్యూటీ మేజిస్ట్రేటుగా పనిచేస్తూ 1865లో ‘దుర్గేశనందిని’ అచ్చువేయించాడు. దాని ఎత్తుగడలో స్తుతి లేదు, ఉపోద్ఘాతం లేదు. బెంగాలీ శకం 997, వేసవి చివరి రోజులు. విష్ణుపురం నుంచి మాందారణ్ వెళ్లే దారిలో ఒక రౌతు ఒంటరిగా పోతున్నాడు. ఏ ఏడో, ఏ దారో, ఎంతమందో ఒక్క వాక్యంలో తేలిపోయింది. ఎవరన్నది మాత్రం చెప్పలేదు. పొద్దు వాలుతోంది, గాలివాన ముంచుకొస్తోంది, రౌతు ఒక శివాలయంలో తలదాచుకోవాలి. లోపల ఎవరున్నారో తెలియాలంటే పేజీ తిప్పాలి. పురాణ శ్రవణానికి అలవాటు పడ్డ చెవులకు ఇది ఎంత కొత్తగా వినపడి ఉంటుందో ఊహించుకోండి.

మరుసటి ఏడాది వచ్చిన ‘కపాలకుండల’ ఇంకా మేలు. రెండున్నర వందల ఏళ్ల కిందట, మాఘమాసంలో తెల్లవారుజామున, గంగాసాగరం నుంచి యాత్రికులతో తిరిగి వస్తున్న పడవ. మంచు కమ్మేసింది, సరంగుకు దిక్కు తెలియడం లేదు. కట్టెల కోసం ఒడ్డుకు దిగిన నవకుమార్‌ను వదిలేసి పడవ వెళ్లిపోతుంది. కథంతా ఆ దారి తప్పడంలోంచే పుడుతుంది. చివరికి నాయిక కపాలకుండల, నవకుమార్ ఇద్దరూ నదిలో పడి కొట్టుకుపోతారు. తేలారో లేదో బంకిం చెప్పడు, ప్రశ్న అడిగి ఊరుకుంటాడు. నీళ్ల మీద దిక్కు తప్పి మొదలైన నవల, నీళ్లలోనే దిక్కు తెలియకుండా ముగిసింది. ఆ ముగింపు పాఠకుల్ని ఎంత ఇబ్బంది పెట్టిందంటే, దామోదర్ ముఖోపాధ్యాయ అనే రచయిత దానికి కొనసాగింపుగా ‘మృణ్మయి’ అనే నవల రాశాడు. కపాలకుండలకు పెళ్లయ్యాక పెట్టిన పేరు మృణ్మయి. ఇవాళ్టికీ కపాలకుండలను చదువుతూనే ఉన్నారు. మృణ్మయి పరిశోధకులకే మిగిలింది.

బంకిం పుట్టింది 1838లో. అదే సంవత్సరం మద్రాసులో ఒక తెలుగు పుస్తకం అచ్చయింది, ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18 రాత్రి బయల్దేరి, హైదరాబాదు, నాగపూర్ మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా చూసుకుని, జగన్నాథం మీదుగా 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. ఆయన పుస్తకం కూడా తేదీతో, బయల్దేరిన వేళతో మొదలవుతుంది. అలంకారాలేవీ లేవు. ఎప్పుడు బయల్దేరాడో చెప్పాడంటే మనల్నీ వెంట తీసుకెళ్తున్నాడన్నమాటే. యాత్ర రాసేవాడికి అంతకంటే సహజమైన ఎత్తుగడ ఏముంటుంది? మనకు వచనంలో ఆ దారి బంకిం పుట్టేనాటికే ఉంది, మనం గుర్తుపెట్టుకోలేదు.

చొక్కాతో మొదలై తలపాగాతో

వ్యాసాలు, యాత్రలు రాసేవాళ్లు తప్పకుండా చూడాల్సిన పుస్తకం సయ్యద్ ముజ్తబా అలీ ‘దేశే బిదేశే’. శాంతినికేతన్‌లో చదివిన ముజ్తబా అలీ 1927లో ఉద్యోగం మీద కాబూల్ వెళ్లాడు. అఫ్గానిస్తాన్‌లో అమానుల్లా రాజ్యం కూలిపోవడం కళ్లారా చూశాడు. ఆ అనుభవమంతా 1948లో ‘దేశ్’ పత్రికలో ధారావాహికగా వచ్చి, తర్వాత పుస్తకమైంది.

రాజ్యం కూలిపోవడం చూసిన మనిషి పుస్తకాన్ని దేనితో మొదలుపెట్టాలి? అఫ్గాన్ చరిత్రతోనా, కైబర్ కనుమ వర్ణనతోనా? ఆయన కలకత్తా చాందినీ బజారులో చవగ్గా కొన్న చొక్కాతో మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో రైల్లో యూరోపియన్లకంటూ వేరే మూడో తరగతి ఉండేది. ఆ చొక్కా తొడుక్కుని హౌరా స్టేషన్‌లో ఆ పెట్టె ఎక్కబోతే ఒక ఫిరంగి దొర అడ్డం పడ్డాడు, ఇది మా వాళ్లకు మాత్రమే అని. అక్కణ్నుంచి సంభాషణ, అక్కణ్నుంచి రైలు, అక్కణ్నుంచి పెషావర్.

ఈ ఎత్తుగడను కాస్త దగ్గరగా చూద్దాం. ఒక చొక్కా, దాని వెల, ఒక రైలుపెట్టె, అందులో తెల్లవాడికీ మనకీ మధ్య గీత. రచయిత జేబులో డబ్బు ఎంతుందో, అతని స్వభావం ఏమిటో, దేశం ఎవరి చేతుల్లో ఉందో అన్నీ తెలిసిపోయాయి. ‘నేను పేదవాణ్ని, సరదా మనిషిని, పరాయి పాలనలో బతుకుతున్నాను’ అని ఒక్క ముక్కా ఆయన చెప్పలేదు.

ఇక ముగింపు. కాబూల్‌లో తిరుగుబాటు. తిండి లేదు, ప్రాణానికి హామీ లేదు. చివరికి విమానంలో చోటు దొరికింది. రెండేళ్లు తనకు వండిపెట్టి, కంటికి రెప్పలా చూసుకున్న సేవకుడు అబ్దుర్ రహ్మాన్‌ను వదిలి వెళ్లాలి. విమానం పైకి లేస్తుంది. కింద మంచు పరుచుకున్న నేల, అక్కడ నిలబడి తలపాగా ఊపుతున్న అబ్దుర్ రహ్మాన్. ఆ తలపాగా మాసిపోయి ఉంది, చాలా రోజులుగా ఊళ్లో సబ్బు దొరకడం లేదు. ఆ మాసిన గుడ్డనూ, చుట్టూ ఉన్న మంచునూ, ఆ మనిషి మనసునూ కలిపి రచయిత ఒక మాట అంటాడు, పుస్తకం ముగుస్తుంది. ఆ మాట ఇక్కడ చెప్పను, చదువుకోవాలి. గమనించాల్సింది సబ్బు సంగతి. అది లేకపోతే ఆ ముగింపు ఉత్త భావోద్వేగం అయ్యేది. సబ్బు దొరకని ఊరు, అంతర్యుద్ధం, అయినా ఊపుతున్న తలపాగా, ఇవన్నీ ఉన్నాయి కాబట్టి చివరి మాట గొంతు దాకా వస్తుంది. ఇంకే యాత్రా గ్రంథానికీ ఆ ముగింపు అతకదు.

కొసమెరుపు ఎప్పుడు మెరుస్తుంది?

మన దగ్గర కథ ముగింపు అనగానే కొసమెరుపు అంటారు. పత్రికల్లో ఒకటి రెండు పేజీల కథలు వచ్చాక దానికి గిరాకీ పెరిగింది. చాలా కొసమెరుపులు ఒక్కసారే మెరుస్తాయి. రెండోసారి చదివితే కథ చప్పగా ఉంటుంది, ఎందుకంటే రచయిత అంతసేపూ ఏదో దాచిపెట్టి చివర్లో చూపించాడు, అంతే.

బనఫూల్ కథ ‘నిమ్‌గాఛ్’ చదివితే తేడా తెలుస్తుంది. బనఫూల్ అసలు పేరు బలాయ్ చాంద్ ముఖోపాధ్యాయ. వృత్తికి డాక్టరు, భాగల్‌పూర్‌లో రక్తమూత్ర పరీక్షల లేబరేటరీ నడిపాడు. పేజీ, పేజీన్నర కథలకు ఆయన పెట్టింది పేరు. ఈ కథ కూడా అంతే. ఇంటి వెనక ఒక వేపచెట్టు. ఒకరొచ్చి బెరడు చెక్కి ఉడకబెడతారు. ఒకరు ఆకు నూరుతారు, చర్మవ్యాధికి మందని. లేత ఆకు వంకాయతో కలిపి వేయించుకుంటారు. పుల్ల విరిచి పళ్లు తోముకుంటారు. వైద్యులు వేప మంచిదని మెచ్చుకుంటారు. ఇంటి పక్క పుట్టిందంటే పెద్దలు సంతోషిస్తారు, కొట్టేయొద్దంటారు. ఇంత చేసీ చెట్టును ఎవరూ పట్టించుకోరు, చుట్టూ చెత్త పేరుకుంటుంది. ఒకరోజు కొత్త రకం మనిషి వస్తాడు. బెరడు చెక్కడు, ఆకు కోయడు. అలా చూసి, ఎంత అందంగా ఉందో అని మురిసి వెళ్లిపోతాడు. అతనొక కవి. అతని వెంట వెళ్లిపోవాలని చెట్టుకు అనిపిస్తుంది. వెళ్లలేదు, వేళ్లు చాలా దూరం దిగిపోయాయి.

అక్కడిదాకా చెట్టు కథే. ఆఖరి వాక్యంలో బనఫూల్ ఆ ఇంటి కోడలి మాటెత్తుతాడు. పనిమంతురాలు, లక్ష్మి లాంటి పిల్ల. ఆమె పరిస్థితీ ఇదేనంటాడు. కథ అయిపోయింది.

అయిపోయిందా? లేదు, మళ్లీ మొదటికి వెళ్లి చదవాల్సి వస్తుంది. బెరడు చెక్కినవాళ్లు ఎవరు, వేళ్లు ఎలా దిగాయి, పెద్దలు మెచ్చుకోవడమంటే ఏమిటి, ఆ కవి ఎవరు అన్నీ ఇప్పుడు వేరేగా కనపడతాయి. బనఫూల్ మన దగ్గర ఏదీ దాచలేదు. అంతా ముందే కళ్లెదుట పెట్టాడు, చివర్లో ఎటునుంచి చూడాలో చెప్పాడు. అందుకే ఆ కథను నూరుసార్లు చదివినా ఆ మెరుపు ఆరదు. తర్వాత ఇంకొక్క వాక్యం రాసి, ఆడవాళ్ల కష్టాల మీద రెండు ముక్కలు కలిపి ఉంటే కథ చచ్చిపోయేది. ఆయన చేయి అక్కడ ఆగింది.

ఆపడంలో రవీంద్రుడు, ఆపకపోవడంలో రవీంద్రుడు

బెంగాలీ చిన్నకథకు రూపం ఇచ్చింది రవీంద్రనాథ్ ఠాగూరే. తూర్పు బెంగాల్‌లో కుటుంబ జమీ వ్యవహారాలు చూస్తూ, పద్మా నది మీద పడవలో తిరుగుతూ 1891 నుంచి కథ మీద కథ రాశాడు. ‘పోస్టుమాస్టర్’ ఆ ఏడాది ‘హితవాది’ వారపత్రికలో వచ్చిందే. కథ ముగిసినా పాఠకుడి మనసులో ముగియకూడదన్నది ఆయన నమ్మకం. ఆ సంగతి ‘సోనార్ తరి’లోని ఒక కవితలో కూడా చెప్పుకున్నాడు.

చెప్పింది చేసి చూపించాడు కూడా. ‘క్షుధిత పాషాణ్’లో ఇద్దరు ప్రయాణికులు స్టేషన్‌లో రైలు కోసం ఎదురుచూస్తూ, ఒక అపరిచితుడు చెబుతున్న దయ్యాల మేడ కథ వింటుంటారు. ఒంటిమీద వెంట్రుకలు నిక్కబొడుచుకునే చోటికి వచ్చేసరికి రైలు వచ్చేస్తుంది. ఆ మనిషిని ఒక ఇంగ్లీషు దొర గుర్తుపట్టి మొదటి తరగతి పెట్టెలోకి పిలుస్తాడు. మనవాళ్లు రెండో తరగతి. కథ సగంలో ఆగిపోయింది, ఇక దొరకదు. ఇది తప్పించుకోవడం కాదు. మేడలో ఏం జరిగిందో పూర్తిగా చెప్పేస్తే దయ్యాల కథలన్నింటిలో ఇదొకటయ్యేది. చెప్పకపోవడం వల్ల ఆ రాళ్లకు ఆకలి ఇంకా తీరలేదు.

‘జీబిత ఓ మృత’లో కాదంబిని అనే వితంతువు చనిపోయిందనుకుని శ్మశానానికి మోసుకెళ్తారు. ఆమె లేచి వస్తుంది. ఇంట్లోవాళ్లకు ఆమె మనిషి కాదు, దయ్యం. తను బతికే ఉన్నానని ఎంత చెప్పినా ఎవరూ నమ్మరు. చివరికి పెరటి చెరువులో దూకుతుంది. అప్పుడు గాని వాళ్లకు ఆమె అంతకుముందు చావలేదని తెలియదు. ఆ చివరి వాక్యం చాలామంది బెంగాలీలకు నోటికి వచ్చు.

‘పోస్టుమాస్టర్’ దగ్గర మాత్రం నాకు ఆయనతో చిన్న పేచీ ఉంది. కలకత్తా కుర్రాడు పల్లెటూరి పోస్టాఫీసులో ఉద్యోగం చేస్తూ, రతన్ అనే అనాథ పిల్లకు చదువు చెబుతాడు. జ్వరం వస్తే ఆ పిల్లే సేవ చేస్తుంది. ఊరు పడక ఉద్యోగం వదిలి వెళ్లిపోతాడు. పడవ కదిలాక అతని గుండె లాగుతుంది, తిరిగి వెళ్లి ఆ పిల్లను తెచ్చుకుందామా అనిపిస్తుంది. అప్పటికే తెరచాపలో గాలి నిండింది. జీవితమంటే ఎడబాట్లే కదా అని వేదాంతంతో సర్దుకుంటాడు. రవీంద్రుడు వెంటనే రతన్ వైపు తిరుగుతాడు. ఆ పిల్లకు వేదాంతం లేదు. కన్నీళ్లతో పోస్టాఫీసు చుట్టూ తిరుగుతూ ఉంటుంది, అయ్యగారు తిరిగొస్తారేమోనని. చదువుకున్నవాడికి దొరికిన ఓదార్పు ఆ పిల్లకు దొరకలేదన్నది ఈ కథలో గొప్ప సత్యం. అక్కడ ఆపి ఉంటే! ఆయన ఆపలేదు. మనిషి హృదయం ఎంత భ్రమలో పడుతుందో అని ఇంకొన్ని వాక్యాలు రాశాడు.

డెబ్భై ఏళ్ల తర్వాత, 1961లో, రవీంద్ర శతజయంతికి సత్యజిత్ రే ‘తీన్ కన్యా’ తీస్తూ ఈ ముగింపును మార్చేశాడు. సినిమాలో పోస్టుమాస్టర్ వెళ్తూ రతన్‌కు డబ్బు ఇవ్వబోతాడు. ఆ పిల్ల నీళ్ల బాల్చీ మోసుకుంటూ అతన్ని దాటి వెళ్లిపోతుంది. కొత్త పోస్టుమాస్టర్‌కు నీళ్లు తెచ్చానని చెప్పే గొంతు మాత్రం వినపడుతుంది. ఏడుపు లేదు, కాళ్ల మీద పడటం లేదు. పని ఆగదు, అభిమానం చావదు. గురుదేవుణ్ని దిద్దాడని రే మీద అలిగినవాళ్లూ ఉంటారు. నా తీర్పు అడిగితే, ఆ బాల్చీ ముగింపే గట్టిది. రవీంద్రుడి చివరి వాక్యాలు వేరే విషాద కథలకు కూడా సరిపోతాయి. బాల్చీ రతన్‌కు తప్ప ఎవరికీ సరిపోదు.

రే ముగింపు మార్చే పని అంతకుముందూ చేశాడు. సిగ్నెట్ ప్రెస్ ‘పథేర్ పాంచాలీ’ని పిల్లల కోసం కుదించి వేసినప్పుడు బొమ్మలు గీసింది ఆయనే, తర్వాత దాన్ని సినిమాగా తీసిందీ ఆయనే. 1929లో పుస్తకంగా వచ్చిన బిభూతిభూషణ్ నవల ఊరు వదలడంతో ఆగదు. కుటుంబం కాశీ వెళ్తుంది, తండ్రి చనిపోతాడు, చివర్లో దారి దేవుడు కుర్రాడు అపుతో మాట్లాడతాడు. 1955 నాటి సినిమా మాత్రం ఎడ్లబండిలో ఊరు వదలడంతోనే ఆగిపోతుంది, ఖాళీ అయిన ఇంట్లోకి పాము దూరుతుంది. ఇక్కడ నేను రేను ఒక్క మాట కూడా అనను, బిభూతిభూషణ్‌నూ అనను. నవల దారిని గురించి, సినిమా ఇంటిని గురించి. ఎవరి ముగింపు వారికి దక్కింది.

మరి పాఠకుడితో నేరుగా మాట్లాడకూడదా?

అన్ని ముగింపులూ మౌనంగానే ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. 1917లో అచ్చయిన ‘దేవదాసు’ చివర శరత్ బాబు కథ ఆపి, పాఠకులవైపు తిరిగి, దేవదాసు లాంటి దురదృష్టవంతుడు ఎదురైతే అతని కోసం ప్రార్థించమని వేడుకుంటాడు. వేరే రచయిత చేస్తే నవ్వొచ్చేది. శరత్ చేస్తే మూడు తరాల తెలుగువాళ్లు ఏడ్చారు. చక్రపాణి, బొందలపాటి శివరామకృష్ణ వంటి అనువాదకులు ఆయన్ను మన ఇంటి మనిషిని చేశారు. 1953లో వేదాంతం రాఘవయ్య తీసిన ‘దేవదాసు’లో అక్కినేనిని చూశాక ఆ వేడుకోలు చదవనివాళ్లు కూడా కన్నీరు పెట్టారు. మండు వేసవి మధ్యాహ్నం బడి మూలన చిరిగిన చాప మీద పలక పట్టుకుని విసుగ్గా కూర్చున్న పిల్లవాడితో మొదలైన నవల అది. చేతిలో ఉన్నదాన్ని ఏం చేసుకోవాలో తెలియని మనిషిని శరత్ మొదటి పేజీలోనే చూపించాడు. తర్వాత నవలంతా అతని వెంట నడిపించాడు. కాబట్టే చివర అడిగే హక్కు వచ్చింది.

అదే శరత్ ‘మహేశ్’ కథలో ఎత్తుగడ వేరు. చిన్న ఊరు, దానికంటే చిన్న జమీందారు, అతని అధికారం మాత్రం కొండంత. నాలుగు ముక్కల్లో ఊరి వ్యవస్థ తెలిసిపోతుంది. చివర్లో గఫూర్ తన ఎద్దును పోగొట్టుకుని, కూతురు అమీనా చేయి పట్టుకుని, రాత్రికి రాత్రి జనపనార మిల్లులో కూలికి బయల్దేరతాడు. వెళ్తూ వెళ్తూ అల్లాకు మొరపెట్టుకుంటాడు, నోరులేని ఎద్దుకు గడ్డినీ నీళ్లనూ దక్కనివ్వని వాళ్లను క్షమించొద్దని. ఊరితో మొదలైన కథ ఊరు వదలడంతో ముగిసింది. రైతు కూలీ అయ్యాడు. బెంగాల్ పల్లెల చరిత్ర అంతా ఆ రెండు కొసల మధ్య ఉంది.

మన గురజాడకు కలకత్తాతో ఉన్న చుట్టరికం చెప్పకపోతే ఈ కథనం పూర్తి కాదు. కుర్రతనంలో ఆయన ఇంగ్లీషులో ‘సారంగధర’ కావ్యం రాశాడు. కలకత్తా నుంచి ‘రేయిస్ అండ్ రయ్యత్’ పత్రిక నడిపిన శంభుచంద్ర ముఖర్జీ దాన్ని మెచ్చుకుని తన పత్రికలో వేసుకున్నాడు. అయితే మాతృభాషలో రాయమని సలహా ఇచ్చాడు. ఆ సలహా ఎంత పనిచేసిందో మనకు తెలుసు. 1910లో ‘ఆంధ్రభారతి’లో వచ్చిన ‘దిద్దుబాటు’ ఎలా మొదలవుతుంది? అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చిన మొగుడు తలుపు తట్టడంతో. ఎవరు, ఎందుకు ఆలస్యం, ఎక్కణ్నుంచి అన్నవి ఆ తలుపు తట్టాకే మనకు తెలుస్తాయి. ఎలా ముగుస్తుంది? మంచం కింద నుంచి భార్య నవ్వు, నగల చప్పుడు. మొగుడు బుద్ధి తెచ్చుకున్నాడని గురజాడ చెప్పడు. మొదటి తెలుగు కథ ఏది అన్న వాదం ఎటు తేలినా, తెలుగు కథకు అవతారికా ఫలశ్రుతీ అక్కర్లేదని ఈ కథ తేల్చేసింది. నూట పదేళ్లు దాటాక కూడా మనం పక్షుల కిలకిలలతో మొదలుపెట్టడం ఆయన పట్ల అపచారమే.

దీపావళి కథల పోటీలకు రాస్తున్న వారికి ఒక మనవి. కథో వ్యాసమో పూర్తయ్యాక, పంపేముందు, ఇంట్లో ఒకరికి చదవమని ఇవ్వండి. ఇచ్చేటప్పుడు మొదటి పేరా మీద ఒక కాగితం, చివరి పేరా మీద ఒక కాగితం అంటించి ఇవ్వండి. చదివినవాళ్లకు కథ అర్థమైతే ఆ రెండు పేరాలూ తీసేసి పంపండి. అర్థం కాకపోతే కాగితాలు ఊడదీయండి, లోటు తెలిసిందన్నమాట, అవి మీ కథవే. ఆ రెండూ చదివి వినిపించి, ఇవి ఇంకెక్కడైనా చదివినట్టుందా అని కూడా అడగండి. ఉందంటే మళ్లీ కూర్చోండి.